హాట్ ఫజ్: చిన్న ఊరు, చిన్న బడ్జెట్, భారీ యాక్షన్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

"ఒక మంచి యాక్షన్ కామెడీ చెప్పు" అని ఎవరడిగినా నా నోటి నుంచి మొదట వచ్చే పేరు హాట్ ఫజ్. ఆ వెంటనే అవతలి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువగా వినిపించేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ముగింపు తెలిసిపోయే ప్రశ్న ఒక్కటే ఉంది. దాని దగ్గర ముందే చెబుతాను.

అసలు ఇదేం సినిమా? కథేంటి?

2007 ఫిబ్రవరి 14న బ్రిటన్‌లో విడుదలైంది. దర్శకుడు ఎడ్గర్ రైట్. కథ, మాటలు రైట్, హీరో సైమన్ పెగ్ కలిసి రాసుకున్నారు. నిడివి రెండు గంటల పైచిలుకు.

నికొలస్ ఏంజెల్ లండన్‌లో పోలీసు. డ్యూటీ తప్ప మరో ధ్యాస లేదు. అరెస్టుల లెక్కలో తోటివాళ్ళ కంటే 400 శాతం ముందుంటాడు. ఇతని పక్కన మేమంతా చేతకానివాళ్ళలా కనిపిస్తున్నాం అని పై అధికారులకు మంట. అందుకే సార్జెంట్‌గా ప్రమోషన్ ఇచ్చి, గ్లోస్టర్‌షైర్‌లోని శాండ్‌ఫర్డ్ అనే ఊరికి పంపించేస్తారు. మన దగ్గర లూప్‌లైన్ పోస్టింగ్ అంటారే, అదన్నమాట.

శాండ్‌ఫర్డ్‌లో నేరాలే లేవు. ఉత్తమ గ్రామం అవార్డు ఏటా ఆ ఊరికే. ఏంజెల్‌కు వచ్చే పెద్ద కేసు తప్పించుకున్న హంసను పట్టుకోవడం. జత కలిసే కానిస్టేబుల్ డానీ బటర్‌మన్ అక్కడి ఇన్‌స్పెక్టర్ గారి అబ్బాయి, యాక్షన్ సినిమాల పిచ్చోడు. ఇంతలో ఊళ్ళో ఒక్కొక్కరే చనిపోవడం మొదలవుతుంది. అన్నీ ప్రమాదాలే అంటుంది ఊరంతా. ఏంజెల్ ఒక్కడే కాదంటాడు.

చిన్న బడ్జెట్ అంటున్నారు. ఎంతేమిటి?

సుమారు 80 లక్షల పౌండ్లు. విడిగా చూస్తే పెద్ద మొత్తమే. కానీ డానీ ప్రాణం పెట్టి చూసే బ్యాడ్ బాయ్స్ 2 సినిమాకు హాలీవుడ్ వాళ్ళు 2003లో పెట్టిన ఖర్చు సుమారు 13 కోట్ల డాలర్లు. దాని ముందు ఇది ఏ మూలకూ రాదు. అయినా ప్రపంచమంతా కలిపి దాదాపు 8 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

డబ్బు ఎక్కడ ఆదా చేశారో సినిమా చూస్తే అర్థమవుతుంది. 2006 వసంతంలో మొదలుపెట్టి పదకొండు వారాల్లో షూటింగ్ ముగించారు. ఎక్కువ భాగం తీసింది సోమర్‌సెట్‌లోని వెల్స్‌లో. అది రైట్ పెరిగిన ఊరు. అక్కడి మార్కెట్ ప్లేస్, పబ్బు, చర్చి ఉన్నవి ఉన్నట్టు వాడుకున్నారు. ఆ సందులన్నీ రైట్‌కు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. ఏ మలుపు దగ్గర మనిషి పరుగెత్తుతూ వస్తే బాగుంటుందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క చోట మాత్రం ఎదురు ఖర్చు తప్పలేదు. వెల్స్‌లో పన్నెండో శతాబ్దంలో మొదలైన మహా కెథీడ్రల్ ఉంది. అది కనబడితే ఊరు చిన్నదిగా అనిపించదని, ఫ్రేముల్లోంచి దాన్ని కంప్యూటర్‌తో చెరిపేశారు.

డబ్బు తక్కువైతే యాక్షన్ తేలిపోదా?

ఈ సినిమాలో యాక్షన్ ఎడిటింగ్ టేబుల్ దగ్గర పుట్టింది. అందుకే తేలిపోలేదు.

ఏంజెల్ లండన్ వదిలి శాండ్‌ఫర్డ్ చేరే ఘట్టాన్ని ఒకసారి పట్టి చూడండి. మామూలుగా అయితే రైలు కిటికీ, పచ్చని పొలాలు, నేపథ్యంలో పాట. ఇక్కడ అవేవీ లేవు. చేతిలో పీస్ లిల్లీ కుండీ పట్టుకుని కూర్చున్న ఏంజెల్, రైలు, మళ్ళీ ఏంజెల్, సెల్‌ఫోన్ తెర. ఫోన్ కనబడిన ప్రతిసారీ సిగ్నల్ గీతలు తగ్గుతూ పోతాయి. మాట లేదు, మంతి లేదు. మహానగరం వెనకబడిపోయిందని, ఈ మనిషికి ఆ మొక్క తప్ప తోడెవరూ లేరని, అక్కడ దిగాక పిలిస్తే పలికేవాళ్ళు ఉండరని కొద్ది సెకన్లలో మనకు ఎక్కేస్తుంది. ఇందులో ఖరీదైనది ఒక్కటీ లేదు. రైలు టికెట్టు, పూలకుండీ, ఫోను.

అదే పద్ధతిలో ఫారాలు నింపడాన్ని కూడా తీశాడు. పెన్ను క్లిక్‌మనడం, స్టాంపు దబ్బున పడటం, నేరస్థుడి ఫొటో ఫ్లాష్, జైలు తలుపు ధనామని మూసుకోవడం. కెమెరా ఒక్కసారిగా దూసుకుపోతుంది, చప్పుడు తుపాకీ పేలినట్టు ఉంటుంది. కథ రాసుకునేటప్పుడు రైట్, పెగ్ నిజమైన పోలీసు అధికారులను కలిసి మాట్లాడారు. తెర మీద పోలీసు కాల్పులు జరిపి కారెక్కి వెళ్ళిపోతాడు. అసలు పోలీసు ఆ తర్వాత స్టేషన్‌కు వచ్చి గంటల తరబడి కాగితాలు రాయాలి. ఆ రాతకోతలను తీసేయకుండా, వాటినే యాక్షన్‌గా మార్చారు వీళ్ళు. నాకు ఈ సినిమా మీద గౌరవం పెరిగింది సరిగ్గా అక్కడే.

ఇది యాక్షన్ సినిమాలను వెక్కిరించే స్పూఫా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కాదు.

స్పూఫ్ తీసేవాడు సినిమా బయట నిలబడి నవ్వుతాడు. రైట్, పెగ్ లోపల కూర్చున్నారు. ఈ కథ కోసం వందకు పైగా పోలీసు సినిమాలు కూర్చుని చూశారు. వాళ్ళకు అవంటే ఇష్టం. ఆ ఇష్టమంతా డానీ పాత్రలోకి వచ్చి చేరింది. కొత్తగా వచ్చిన లండన్ సార్జెంటును డానీ అడిగే ప్రశ్నలు చూడండి: గాల్లోకి ఎగురుతూ రెండు చేతులా రెండు తుపాకులు కాల్చారా? పోనీ, ఒక్క తుపాకీ? కారులో వెంటాడుతూ కాల్చారా? గాల్లోకి తుపాకీ పేలుస్తూ ఆఁ అని అరిచారా? ఏంజెల్ అన్నిటికీ లేదనే అంటాడు, కాస్త విసుగ్గా. పోలీసు ఉద్యోగం అంటే అది కాదని పాఠం చెబుతాడు. అతను చెప్పింది నిజమే. డానీ మొహం చిన్నబోతుంది.

వెక్కిరించేవాళ్ళయితే అక్కడితో వదిలేస్తారు. వీళ్ళు ఆ కుర్రాడి కలలన్నీ గుర్తుపెట్టుకుని, ఆఖరి అరగంటలో ఒక్కొక్కటే తీర్చారు. గాల్లోకి ఎగరడం, రెండు తుపాకులు, కారు ఛేజు, అన్నీ ఉన్నాయి. గాల్లోకి కాల్చి అరిచే ఘట్టం వచ్చేసరికి దాని వెనక ఎంత బాధ ఉందో మీరే చూడాలి, ఇక్కడ చెప్పను.

తెలుగు ప్రేక్షకులకు ఎక్కుతుందా?

నిక్షేపంగా. ఎలివేషన్ అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఓడిపోయి ఊరొదిలిన హీరో మళ్ళీ తిరిగొచ్చే సీనుకు ఈలలు వేసి పెరిగినవాళ్ళం. ఏంజెల్ కూడా అలాగే తిరిగొస్తాడు, తెల్ల గుర్రం మీద, వీపున తుపాకులు కట్టుకుని, ఖాళీ వీధిలోంచి. చుట్టూ చూస్తే పూలకుండీలు, టీ కొట్టు, చర్చి. మొదట నవ్వొస్తుంది, మరుక్షణం ఒళ్ళు పులకరిస్తుంది.

ఊరందరికీ ఊరందరూ తెలిసి ఉండటం, కొత్తగా వచ్చిన ఆఫీసరును మంచి మాటలతో మెత్తబరచడం, ఊరి పరువు పేరుతో అన్నీ కప్పెట్టడం లాంటివి మనకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఇంటర్వెల్ తర్వాత కథ మారిపోయే పద్ధతికి కూడా మనం అలవాటుపడ్డవాళ్ళమే.

బ్రిటన్ సంగతులు ముందుగా ఏమైనా తెలిసుండాలా?

రెండు చాలు. మొదటిది, అక్కడి మామూలు పోలీసుల దగ్గర తుపాకీ ఉండదు. ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్ళకే ఇస్తారు. సినిమాలో చాలాసేపటి దాకా పోలీసులు వట్టి చేతులతో తిరుగుతుంటారు. అందుకే తుపాకీ బయటికి రావడమే పెద్ద సంఘటన. అమెరికన్ సినిమాలో తుపాకీకి ఈ బరువు ఉండదు.

రెండోది, నైబర్‌హుడ్ వాచ్. ఇరుగుపొరుగు కలిసి తమ వీధిని తామే కాపలా కాసుకునే ఏర్పాటు ఇది. బ్రిటన్‌లో 1982లో చెషైర్‌లోని మోలింగ్టన్ అనే గ్రామంలో మొదలైంది. సినిమాలో ఈ బృందానిది పెద్ద పాత్ర. శాండ్‌ఫర్డ్ అన్న పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. బ్రిటిష్ పోలీసుల శిక్షణలో ఉదాహరణల కోసం వాడే ఊహా పట్టణం పేరు అది.

ఇంగ్లిష్ యాస అర్థం కావడం లేదు. ఏం చెయ్యాలి?

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మాటలు వేగంగా వస్తాయి, జోకులు వాటి మధ్యలో దూరి ఉంటాయి.

యాస మీదే ఒక అద్భుతమైన సీను ఉంది. కంచె కత్తిరించాడన్న ఫిర్యాదు మీద ఒక ముసలి రైతు దగ్గరికి వెళ్తారు. ఆయన ఏదో గొణుగుతాడు, ఒక్క ముక్క అర్థం కాదు. పక్కనున్న పెద్ద వయసు కానిస్టేబుల్ దాన్ని విడమరచి చెబుతాడు, అదీ అర్థం కాదు. ఆయన చెప్పినదాన్ని డానీ మళ్ళీ మామూలు ఇంగ్లిష్‌లో చెబితే గానీ ఏంజెల్‌కు చేరదు. ఒకే దేశం, ఒకే భాష, మధ్యలో ఇద్దరు దుబాసీలు. ఇక్కడ ఇంగ్లిష్‌వాళ్ళకే అర్థం కాదు కాబట్టి మనం కంగారు పడక్కర్లేదు.

ఆ నవ్వుల్లో ఉండగానే ఆ రైతు కొట్టాంలో అనుమతి లేని తుపాకుల గుట్ట, సముద్రంలో ఓడలను పేల్చే పాత మైను ఒకటి బయటపడతాయి. ఆ రెండూ గుర్తుంచుకోండి.

రెండోసారి చూస్తే ఇంకా బాగుంటుందని అందరూ అంటారెందుకు?

మొదటి గంటలో విన్న ప్రతి చిన్న మాటా రెండో గంటలో తిరిగొస్తుంది కాబట్టి. స్క్రీన్‌ప్లే నేర్చుకునేవాళ్ళకు నేను చూపించే సినిమా ఇదే.

మొదటి రాత్రే ఏంజెల్ పబ్బులో వయసు చాలని కుర్రాళ్ళను పట్టుకుని స్టేషన్‌కు నడిపిస్తాడు. ఆఖర్లో అతనికి సాయం కావాల్సి వచ్చినప్పుడు ముందుకొచ్చేది ఆ కుర్రాళ్ళే. డానీ ఒకసారి కెచప్ ప్యాకెట్టు దాచి, కంట్లో ఫోర్కు గుచ్చుకున్నట్టు నటిస్తాడు. పిల్ల చేష్ట అనుకుంటాం. కథ మొత్తం ఆ కెచప్ ప్యాకెట్టు మీద ఆధారపడే క్షణం ఒకటి తర్వాత వస్తుంది. పట్టుబడ్డ హంస కూడా తన వంతు కోసం ఎదురుచూస్తుంటుంది.

హోటల్ రిసెప్షన్‌లో ఉన్నావిడ ఏంజెల్‌ను చూడగానే "ఫాసిస్ట్" అంటుంది. తిట్టింది కాబోలు అనుకునేలోపు క్రాస్‌వర్డ్ నింపుతోందని తెలుస్తుంది. సూపర్‌మార్కెట్ మేనేజర్ మొదటి పరిచయంలోనే, నన్ను అరెస్టు చెయ్యండి, నేను కత్తితో తెగ్గోసేవాణ్ణి అంటాడు. తెగ్గోసేది ధరలనట. రెండోసారి చూసేటప్పుడు ఈ మాటల దగ్గర నవ్వుతోపాటు చిన్న వణుకు కూడా వస్తుంది. రాసినవాళ్ళు దాచిందేమీ లేదు. మొత్తం మన కళ్ళెదుటే పెట్టి, జోకు ముసుగేశారు. డబ్బు పెట్టి కొనలేనిది ఈ రాత ఒక్కటే. ఈ సినిమా పెట్టుబడంతా నిజానికి ఇక్కడే ఉంది.

నటులు ఎవరు? తెలిసిన మొహాలున్నాయా?

బోలెడు. డానీగా నిక్ ఫ్రాస్ట్. అతనూ పెగ్ బయట కూడా ప్రాణ స్నేహితులు. ఇన్‌స్పెక్టరుగా ఆస్కార్ అందుకున్న జిమ్ బ్రాడ్‌బెంట్. సూపర్‌మార్కెట్ మేనేజరుగా టిమొతీ డాల్టన్, అంటే 1987, 1989 సినిమాల జేమ్స్ బాండ్. ఆ చిరునవ్వు చూస్తే చాలు, అనుమానం మొదలవుతుంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో హౌండ్‌గా చేసిన రోరీ మెకాన్ ఇక్కడ సూపర్‌మార్కెట్లో పనివాడు. అదే సిరీస్‌లో వాల్డర్ ఫ్రేగా కనిపించిన డేవిడ్ బ్రాడ్లీయే ఇందాకటి రైతు. తర్వాత ఉత్తమ నటిగా ఆస్కార్ గెలిచిన ఒలీవియా కోల్మన్ స్టేషన్‌లో ఏకైక మహిళా కానిస్టేబుల్.

ఊరి పెద్దల వేషాలకు ఎడ్వర్డ్ వుడ్‌వర్డ్, బిలీ వైట్‌లా లాంటి పాత తరం నటులను ఏరి కోరి తెచ్చారు. వైట్‌లాకు ఇదే చివరి సినిమా. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ దర్శకుడు పీటర్ జాక్సన్ శాంటాక్లాజ్ వేషంలో ఏంజెల్ చేతిని కత్తితో పొడిచి మాయమవుతాడు.

హీరోయిన్ ఎవరు?

లేదు. తొలి డ్రాఫ్టులో విక్టోరియా అనే అమ్మాయి ఉండేది. కథ బిగుతు కోసం ఆ పాత్ర తీసేశారు. ఆమె మాటలు చాలావరకు, కొన్నిచోట్ల మార్పు లేకుండానే, డానీకి ఇచ్చేశారు. అందుకే ఏంజెల్, డానీ మధ్య ఉన్న చనువులో ఒక విధమైన మెత్తదనం కనిపిస్తుంది. రాత్రి పబ్బు నుంచి డానీ ఇంటికి వెళ్ళి, సోఫాలో కూర్చుని ఇద్దరూ వరసగా యాక్షన్ సినిమాలు చూసే సీను నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ఇష్టం. పని తప్ప ఏమీ తెలియని మనిషి ఇంకొకరి పక్కన కూర్చుని ఊపిరి పీల్చుకోవడం అక్కడ మొదటిసారి చూస్తాం.

ఏంజెల్ మాజీ ప్రియురాలిగా ఒక్క సీనులో కనిపించేది కేట్ బ్లాంచెట్. నిలువెల్లా ఫోరెన్సిక్ సూటు, ముఖానికి మాస్కు, కళ్ళు మాత్రమే బయటికి. పేరు కూడా వేయలేదు.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

వద్దు. బ్రిటన్‌లో 15 ఏళ్ళు దాటినవాళ్ళకే అనుమతిచ్చారు, అమెరికాలో ఆర్ రేటింగ్. బూతులున్నాయి. రెండు మూడు చావులు చాలా దారుణంగా, దగ్గరి నుంచి చూపిస్తారు. చర్చి గోపురం రాయి విరిగిపడే సీను రాగానే పెద్దవాళ్ళూ మొహం తిప్పుకుంటారు.

అసలు ఎవరు, ఎందుకు చంపారు? (సినిమా చూడనివాళ్ళు ఈ జవాబు వదిలేయండి.)

చంపేది ఒక్కడు కాదు. నైబర్‌హుడ్ వాచ్‌లోని ఊరి పెద్దలందరూ. వాళ్ళకు నాయకుడు డానీ నాన్నే.

ఏంజెల్ తన తెలివంతా పెట్టి ఒక పెద్ద కుట్ర ఊహిస్తాడు. భూముల ధరలు, కొత్త రోడ్డు, లావాదేవీలు. చుక్కలన్నీ చక్కగా కలుస్తాయి. మనమూ నమ్ముతాం. తీరా చూస్తే కారణం అంతకంటే చిన్నది, అంతకంటే భయంకరమైనది. ఒకడు నాటకంలో చెత్తగా నటించాడు, ఒకావిడ నవ్వు చిరాకుగా ఉంది, ఒకడి ఇల్లు ఊరి అందం చెడగొట్టింది, విలేఖరి అచ్చుతప్పులు రాస్తాడు, పూలకొట్టు ఆవిడ ఊరొదిలి పోతానంది. ఉత్తమ గ్రామం అవార్డు పోకూడదు. అందరి మేలు కోసం అంటూ ఆ పెద్దలు ఒకే గొంతుతో అనే మాటకు మొదట నవ్వుతాం. ఆ మాట మళ్ళీ మళ్ళీ వచ్చేకొద్దీ నవ్వు గొంతులో ఆగిపోతుంది. తమకు నచ్చనివాళ్ళను ఊరి పేరుతో ఏరిపారేసే మనుషులు మర్యాదగా, పూలు పెంచుకుంటూ, టీ ఇస్తూ ఎలా ఉంటారో చూపించిన సినిమా ఇది. కామెడీ ముసుగు లేకపోతే భరించలేం.

డానీ కన్నతండ్రి మీదికి తుపాకీ ఎత్తి, కాల్చలేక, గాల్లోకి కాల్చి అరుస్తాడు. అతను వందసార్లు చూసి మురిసిపోయిన సినిమా సీనే అది. ఇప్పుడు తన బతుకులోకి వచ్చింది.

ఇక సూపర్‌మార్కెట్ మేనేజరుతో ఆఖరి ఫైటు పర్యాటకుల కోసం కట్టిన బొమ్మల ఊళ్ళో జరుగుతుంది. మోకాలెత్తు ఇళ్ళ మధ్య ఇద్దరు మనుషులు రాక్షసుల్లా కొట్టుకుంటారు. విలన్ గడ్డంలో గుచ్చుకునేది బొమ్మ చర్చి గోపురం. విలేఖరి తల మీద పడింది నిజమైన గోపురం రాయి. ఆ లెక్క అక్కడ సరిపెట్టారు.

లోపాలేమీ లేవా?

ఉన్నాయి. అయిపోయిందనుకున్నాక మరో రెండుసార్లు మొదలవుతుంది. చివరి భాగం పది నిమిషాలు తగ్గించి ఉంటే బిగువు ఇంకా పెరిగేది. ఒలీవియా కోల్మన్ లాంటి నటికి ద్వంద్వార్థపు జోకులు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఇది నాకు నచ్చలేదు, ఎన్నిసార్లు చూసినా నచ్చదు.

వెల్స్ వెళ్ళి చూడొచ్చా?

యూకేలో ఉండే తెలుగువాళ్ళు ఒక రోజులో చూసి రావచ్చు. వెల్స్‌కు రైలు లేదు. బ్రిస్టల్ లేదా బాత్ దాకా రైల్లో వెళ్ళి, అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. మార్కెట్ ప్లేస్‌లో నిలబడితే సినిమా సగం కళ్ళముందు ఉంటుంది. సినిమాలో పబ్బుగా కనిపించే క్రౌన్ ఇన్ అక్కడే. సినిమాలో చెరిపేసిన కెథీడ్రల్‌ను మాత్రం తప్పకుండా లోపలికెళ్ళి చూడండి. పక్కనే ఉన్న బిషప్ ప్యాలెస్ కందకంలో హంసలు ఆకలేస్తే గంట కొడతాయి, అది తరతరాలుగా వాటికి నేర్పిన విద్య.

నచ్చింది. తర్వాత ఏం చూడాలి?

రైట్, పెగ్, ఫ్రాస్ట్ ముగ్గురూ కలిసి చేసినవి మూడు సినిమాలు. మూడింట్లోనూ కార్నెట్టో ఐస్‌క్రీమ్ కనిపిస్తుంది కాబట్టి వాటిని కార్నెట్టో త్రయం అంటారు. మొదటిది 2004లో వచ్చిన షాన్ ఆఫ్ ది డెడ్, జాంబీ కామెడీ. రెండోది ఇదే. మూడోది 2013 నాటి ది వరల్డ్స్ ఎండ్. కథలు వేరువేరు కాబట్టి ఏ వరసలో చూసినా ఫర్వాలేదు. కానీ నా మాట వింటే షాన్ ఆఫ్ ది డెడ్ ముందు చూడండి. హాట్ ఫజ్‌లో ఏంజెల్ ఇళ్ళ కంచెలు దూకుతూ పరుగెత్తినప్పుడు, వెనకాల డానీ చేసే పనికి రెట్టింపు నవ్వుతారు.